మెల్లగా నొక్కితే ఒక బలం... టక్కున కొడితే ఇంకో బలం!

ఒకే ఇసుకరాయి. అదే సైజు ముక్క. మెల్లగా నొక్కితే ఒక బలం చూపిస్తుంది, టక్కున కొడితే అంతకన్నా ఎక్కువ. ఇదేం తిరకాసు అంటారా?

మామూలు పరీక్షలో రాతి ముక్కను ప్రెస్‌లో పెట్టి కొద్దికొద్దిగా బరువు పెంచుతారు. అది పగలడానికి నిమిషాలు పడుతుంది. గనిలో పేలుడు అంత తీరిగ్గా జరగదు కదా! అందుకే ‘స్ప్లిట్ హాప్కిన్‌సన్ బార్’ అనే పరికరం వాడతారు. దీనికి మూలం 1914లో బెర్‌ట్రమ్ హాప్కిన్‌సన్ చేసిన ప్రయోగాలు. రెండు కడ్డీల పద్ధతిని 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ తెచ్చాడు.

పొడవాటి ఉక్కు కడ్డీలు రెండింటి మధ్య, బిళ్లలా కోసిన ఇసుకరాయిని ఇరికిస్తారు. గ్యాస్ గన్‌ నుంచి దూసుకొచ్చిన చిన్న కడ్డీ మొదటి కడ్డీని ఢీకొంటుంది. ఆ దెబ్బ అలలా మారి, సెకనుకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో ఉక్కులో పరుగెత్తి రాయిని తాకుతుంది. కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత రాయిని దాటి రెండో కడ్డీలోకి వెళ్తుంది. కడ్డీలకు అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు వచ్చిన అల, తిరిగిన అల, దాటిన అల... మూడింటినీ పట్టేస్తాయి. వాటితోనే రాయి ఎంత ఒత్తిడి మోసిందో లెక్కగడతారు. రాయిపై దెబ్బ పడి అది పగలడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు!

మరి బలం ఎందుకు పెరుగుతుంది? ఇసుక రేణువులు అతుక్కుని గట్టిపడిందే ఇసుకరాయి. లోపల సందులు, సన్నటి పగుళ్లు ముందే ఉంటాయి. మెల్లగా నొక్కితే వాటిలో బలహీనమైనవి పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి రాయిని చీలుస్తాయి. టక్కున కొడితే వాటికి అంత టైమ్ దొరకదు. ఈలోగా ఒత్తిడి ఇంకా పెరిగి, బోలెడు పగుళ్లు ఒకేసారి మొదలవుతాయి. అందుకే మెల్లగా నొక్కిన రాయి పెద్ద ముక్కలైతే, గట్టి దెబ్బ తిన్నది నుజ్జునుజ్జవుతుంది.

దీంతో మనకేం పని? సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీద ఉండే పొరల్లో ఎక్కువగా కనిపించేది ఇసుకరాయే. దాన్ని పేల్చి తీస్తేనే బొగ్గు చేతికొస్తుంది. మందు తక్కువైతే యంత్రాలు ఎత్తలేని బండలు మిగులుతాయి. ఎక్కువైతే రాళ్లు ఎగిరిపడతాయి, చుట్టుపక్కల ఇళ్లు అదురుతాయి. రాతి పొరల్లో చీలికలు ఎలా ఉన్నాయో చూడటంతో పాటు, పేలుడు వేగంలో ఆ రాయి ఎంత తట్టుకుంటుందో తెలిస్తేనే మందు లెక్క కుదిరేది. ప్రెస్‌లో నిమిషాల తరబడి నొక్కి తేల్చిన అంకె ఒక్కటే దానికి చాలదు.