పాలు నిజం చెబుతాయా?

"ఏం వదినా, ఇవాళ పాలు నీళ్లలా ఉన్నాయేం?" అంటుంది అమ్మ.

"చుక్క నీళ్లు కలిపితే మా గేదె మీద ఒట్టు!" అంటుంది పాలు పోసే అత్త.

పిల్లలూ, అద్దంకిలో ఏదో ఒక గుమ్మంలో ఇలాంటి తగవు మీరు వినే ఉంటారు. ఇద్దరిలో ఎవరిది నిజం? పాలనే అడిగితే చెబుతాయి. ఐతే, అడగటం తెలియాలి.

పాలను పరీక్షించే గాజు బుడ్డి ఒకటున్నది. దాని పేరు లాక్టోమీటరు. లీటరు నీళ్లు 1,000 గ్రాములు తూగితే, లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు తూగుతాయి. కనక ఆ బుడ్డి నీళ్లలో కన్న పాలలో ఎక్కువ పైకి తేలుతుంది. పాలలో నీళ్లు కలిసినకొద్దీ లోపలికి దిగుతుంది. ఎంత దిగిందో మెడ మీది గీతలు చెబుతాయి.

"ఇంకేం, దొంగ దొరికాడు!" అనుకుంటున్నారా? తొందరపడకండి. వెన్న నీళ్లకన్న తేలిక. అందుకే మీగడ పైకి తేలుతుంది. మీగడ తీసేస్తే మిగిలిన పాలు లీటరుకు మరికాస్త ఎక్కువ తూగుతాయి. వాటిలో కొంచెం నీళ్లు పోస్తే మళ్లీ మామూలు తూకానికి వస్తాయి! రెండు తప్పులు చేసినవాడు దర్జాగా తప్పించుకుంటాడన్నమాట. ఇక, అప్పుడే పితికిన గోరువెచ్చని పాలలో బుడ్డి కాస్త ఎక్కువ మునుగుతుంది. ఏ తప్పూ చెయ్యనివాడు దొంగ అనిపించుకుంటాడు! అందుచేత పాల వేడి కూడా చూసి లెక్క సరిచేసుకోవాలి.

మీగడ తీసినవాణ్ణి పట్టుకోవటమెలా? స్విట్జర్లండులో నిక్లాస్ గెర్బర్ అనే శాస్త్రజ్ఞుడు 1890 తరవాత ఒక ఉపాయం కనిపెట్టాడు. సన్న మెడ గల గాజుగొట్టంలో పాలు పోసి, గంధకికామ్లం చేర్చి, గిర్రున తిప్పుతారు. వెన్నంతా వేరై మెడలోకి చేరుతుంది. అది ఎంతున్నదో గీతల మీద చదవటమే. మనవైపు గేదె పాలలో వెన్న నూటికి 5 పాళ్లకు తగ్గరాదని నియమం.

ఆహారంలో కల్తీని అరికట్టటానికి 1954లో దేశమంతటికీ ఒక చట్టం చేశారు. అది 1955 జూన్ 1 నుంచి అమలయింది. దాని స్థానంలో, 2006లో చేసిన ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు 5 నుంచి నడుస్తున్నది. ఆహార భద్రతా అధికారి పాలు ఊరికే పట్టుకుపోకూడదు, ధర చెల్లించాలి. ఆ పాలను నాలుగు భాగాలు చేసి, చెడకుండా ఫార్మలిన్ చుక్కలు వేసి, సీళ్లు వేస్తారు. ఒక భాగం పరీక్షకు పోతుంది. రెండు భాగాలు పై అధికారి దగ్గర ఉంటాయి. అమ్మినవారు కోరితే నాలుగో భాగాన్ని ప్రభుత్వ గుర్తింపు గల మరో ప్రయోగశాలకు పంపుతారు. ఎందుకింత తంతు? తాగేవారికి మోసం జరగకూడదు; అమ్మేవారికి అన్యాయమూ జరగకూడదు.

ఇంకో వింత వినండి. 2018లో జరిగిన జాతీయ పరిశీలనలో 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీసుకున్నారు. ఒంటికి హాని చేసే కల్తీ బయటపడ్డది 12 నమూనాలలోనే. కాని 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ అనే విషం హద్దు మీరి ఉన్నది! దాన్ని ఎవరూ పాలలో కలపలేదు. బూజుపట్టిన దాణా తిన్న పశువు నుంచి అది పాలలోకి దిగుతుంది. పత్తిగింజలూ, వేరుశనగ చెక్కా తడిస్తే బూజుపడతాయి. పాలు కాస్తే క్రిములు చస్తాయి గాని, ఈ విషం పోదు. కనక మంచి పాలకు మొదటి కాపలా పశువుల కొట్టంలోనే ఉండాలి. దాణా బస్తా పొడిగా ఉన్నదో లేదో మీరే చూడవచ్చు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చెయ్యండి. నున్నని పళ్లెం ఏటవాలుగా పట్టుకుని పాలచుక్క వెయ్యండి. మంచి పాలు తెల్లని చార విడుస్తూ మెల్లగా జారుతాయి. నీళ్లు కలిసినవి చార లేకుండా గబుక్కున జారిపోతాయి.

ఐతే, ఒక్క చుక్క జారిందని పాలు పోసే అత్తను దొంగ అనకండి. ఇది అనుమానానికే గాని తీర్పుకు చాలదు. అనుమానం తీరకపోతే పెద్దవాళ్లు ఆహార భద్రతా అధికారికి చెప్పవచ్చు. అప్పుడు పాలే నిజం చెబుతాయి. నీళ్లు కలిపితే కలిపారనీ, కలపకపోతే ఆ అత్త ఒట్టు నిజమేననీ!