వార్డులో వాటా ఉంది, అధికారం ఎక్కడుంది?
సైబరాబాద్‌లో రాజ్యాంగం, స్థానిక పాలన, దళితులు

రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడల్లా మనం సీట్లు లెక్కపెడతాం. అసెంబ్లీలో ఎన్ని, మునిసిపాలిటీలో ఎన్ని, సర్పంచులు ఎందరు అని అడుగుతాం. లెక్క అవసరమే. కాని ఆ సీట్లో కూర్చున్న మనిషి చేతిలో ఏముంది అన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు ఆగిపోతాం. హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ప్రాంతాన్ని ముందు పెట్టుకొని ఆ రెండో ప్రశ్నను ఇక్కడ చర్చిస్తున్నాం. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. రాజ్యాంగం మన వాటాను ఎన్నికైన సభలకు కట్టింది. అధికారం ఆ సభలను వదిలి ఎన్నిక లేని సంస్థల్లోకి వెళితే వాటా సభలోనే మిగిలిపోతుంది. రిజర్వేషన్‌ను ఎవరూ రద్దు చేయనక్కర లేదు, అది ఉన్నచోటే ఉండి ఉత్తదై పోతుంది.

మూడు అంతస్తులు

మన రాజ్యాంగం కేంద్రానికి, రాష్ట్రాలకు అధికారాలను ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలుగా పంచింది. స్థానిక ప్రభుత్వం రాష్ట్ర జాబితాలో అయిదవ అంశం. అంటే పంచాయతీ సరిహద్దు గీయాలన్నా, మునిసిపాలిటీని ఇంకో దాంట్లో కలపాలన్నా అది రాష్ట్ర శాసనసభ, రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని పని. అమెరికా రాజ్యాంగంలో అయితే స్థానిక ప్రభుత్వం ఊసే లేదు. మన దగ్గరా 1992 వరకు దాదాపు అదే పరిస్థితి. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలని 40వ అధికరణం ఆదేశిక సూత్రంగా చెప్పింది తప్ప, కోర్టుకు వెళ్లి అడిగే హక్కు ఇవ్వలేదు.

ఆ అధికరణం కూడా ముసాయిదాలో లేదు, తర్వాత చేర్చారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేద్కర్ గ్రామ వ్యవస్థను ఎంత తీవ్రంగా ఖండించాడో మన పాఠకులకు తెలుసు. ఊరికి అధికారం ఇవ్వడమంటే ఊళ్లో ఎవరి పెత్తనం ఉందో వాళ్లకే ఇవ్వడం అన్నది ఆయన భయం. కారంచేడు (1985), చుండూరు (1991) చూసిన వాళ్లకు ఆ భయం అర్థం కావడానికి పుస్తకాలు అక్కర లేదు.

73, 74 సవరణలు ఈ భయానికి కొంతవరకు జవాబు చెప్పాయి. 1993లో అమల్లోకి వచ్చిన ఈ సవరణలు స్థానిక సంస్థలకు అధికారం అన్నాయి, కాని దాంతోపాటు షరతులు కూడా పెట్టాయి. పంచాయతీల్లో 243డి, మునిసిపాలిటీల్లో 243టి ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో సీట్లు, మొత్తం సీట్లలో మూడోవంతుకు తగ్గకుండా మహిళలకు సీట్లు ఇవ్వాలి. అధ్యక్ష పదవుల్లోనూ రిజర్వేషన్ ఉండాలి. పాలకమండలికి గడువు అయిదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నికలు జరపాలి. ఎన్నికలు జరిపించడానికి రాష్ట్ర ఎన్నికల సంఘం ఉండాలి. అధ్యక్ష పదవుల రిజర్వేషన్ చెల్లుతుందని 2010లో కె. కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఈ అంతస్తు మనకెందుకు ముఖ్యమో సైబరాబాద్‌లోనే తెలుస్తుంది. 2008 పునర్విభజనలో ఏర్పడ్డ శేరిలింగంపల్లి అసెంబ్లీ నియోజకవర్గం జనరల్ సీటు. పక్కనున్న రాజేంద్రనగర్ కూడా జనరలే. ఇవి చేరిన చేవెళ్ల లోక్‌సభ స్థానమూ జనరలే. చేవెళ్ల అసెంబ్లీ ఎస్సీ రిజర్వుడు కాని, అది ఐ.టి. కారిడార్‌కు అవతల ఉంది. కనుక 330, 332 అధికరణాల కింద లోక్‌సభ, అసెంబ్లీలలో మనకు దక్కిన సీట్లు ఈ అద్దాల మేడల దాకా రాలేదు. ఇక్కడ దళితులకు వాటాగా దక్కగల పదవి అంటే వార్డు సభ్యత్వం, కార్పొరేటర్, సర్పంచ్, చైర్మన్. అందుకే ఆ పదవుల చేతిలో ఏమి మిగిలిందో చూడాలి.

లేఅవుట్‌లో ఎవరి రాజ్యం?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించాడు. అది ఎల్ అండ్ టి కంపెనీ, ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఎ.పి.ఐ.ఐ.సి.) కలిసి కట్టించింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆ సంస్థ టి.ఎస్.ఐ.ఐ.సి. అయింది, 2024 నుంచి టి.జి.ఐ.ఐ.సి. అంటున్నారు. పేరు ఏదైనా అది ప్రభుత్వ సంస్థ. దాని బోర్డును ప్రభుత్వం నియమిస్తుంది, ప్రజలు ఎన్నుకోరు.

ఈ సంస్థకు భూమి ఇచ్చే పనే కాదు, ఇంకో పని కూడా ఉంది. దాని లేఅవుట్లలో స్థానిక సంస్థ చేయవలసిన పనులను రాష్ట్ర చట్టాల కింద దానికే అప్పగించారు. దీన్నే పారిశ్రామిక ప్రాంత స్థానిక అధికార సంస్థ అంటారు, వాడుకలో 'ఐలా'. లేఅవుట్‌లో ఆస్తిపన్ను వసూలు చేసేది, భవనాలకు అనుమతి ఇచ్చేది, రోడ్లు, దీపాలు, పారిశుధ్యం చూసేది ఐలాయే. వసూలైన ఆస్తిపన్నులో 35 శాతం స్థానిక సంస్థకు ఇచ్చి, 65 శాతం తన దగ్గర ఉంచుకొని లేఅవుట్ కోసం ఖర్చు పెట్టుకోవడం ఇందులోని పద్ధతి. ఐలా పనుల్లో పారిశ్రామిక యజమానుల సర్వీస్ సొసైటీలకు భాగస్వామ్యం ఉంటుంది. ఆ రోడ్లు ఊడ్చే మనిషికి మాత్రం ఏ భాగస్వామ్యమూ లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. 243క్యూ అధికరణంలోనే ఒక మినహాయింపు ఉంది. ఒక పారిశ్రామిక సంస్థ తానే మునిసిపల్ సేవలు అందిస్తున్నచోట, లేదా అందిస్తానన్నచోట, గవర్నర్ ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. అప్పుడు అక్కడ మునిసిపాలిటీ ఏర్పాటు చేయకపోయినా తప్పు లేదు. మన ఐలా అంత దూరం పోలేదు. లేఅవుట్ పైకి మునిసిపాలిటీలోనే ఉంటుంది, వార్డు ఉంటుంది, కార్పొరేటర్ ఉంటాడు. రాజ్యాంగం అడిగిన సభ నిలిచే ఉంది. ఆ సభ అదుపులో ఉండవలసిన పన్ను, అనుమతి మాత్రం గోడ అవతల ఉన్నాయి. సభనే తీసేస్తే మనం గొడవ చేసేవాళ్లం. ఉంచి ఖాళీ చేస్తే ఎవరికీ కనబడదు.

ప్లాను ఎవరు గీస్తారు?

రాజ్యాంగం 12వ షెడ్యూలులో మునిసిపాలిటీలకు ఇవ్వదగిన 18 పనుల జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. కాని 'ఇవ్వవచ్చు' అన్నారే తప్ప 'ఇచ్చి తీరాలి' అనలేదు. ఎంత ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ తేల్చాలి. ఈ ఒక్క మాటలో ఎంత సందు ఉందో చూడండి. 2001లో 52 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీని ఏర్పాటు చేశారు. దానికి ఆధారం 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం, అంటే 74వ సవరణకు ముందటి చట్టం. 2008లో దాన్ని హుడాతోపాటు హెచ్.ఎం.డి.ఏ.లో కలిపారు. హెచ్.ఎం.డి.ఏ.కు అధ్యక్షుడు ముఖ్యమంత్రి.

పది లక్షలకు పైబడిన మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలనీ, దాని సభ్యుల్లో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మునిసిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలనీ 243జడ్ఇ చెబుతుంది. ఆ సంఘం గట్టిగా పనిచేస్తే రిజర్వుడు వార్డు నుంచి గెలిచిన మనిషి కూడా మాస్టర్ ప్లాన్ ముందు కూర్చోగలడు. కాని ప్లాను గీసే చెయ్యి అథారిటీదే అయింది.

కోకాపేట చూడండి. 2023 ఆగస్టులో అక్కడి నియోపొలిస్ లేఅవుట్‌లో ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలకు పోయింది. వేలం వేసింది హెచ్.ఎం.డి.ఏ. అప్పటికి ఆ ఊరు నార్సింగి మునిసిపాలిటీలో ఉంది, ఎన్నికైన కౌన్సిల్ ఉంది. ఆ కౌన్సిల్‌లో మన వాళ్లు ఎందరున్నా ఆ వేలం మీద చెయ్యెత్తి ఓటు వేసే అవకాశం లేదు.

విలీనాలు, స్పెషల్ ఆఫీసర్లు

2018లో నార్సింగి, మణికొండ మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. కోకాపేట, పుప్పాలగూడ వంటి ఊళ్ల పంచాయతీలు వాటిలో కలిసిపోయాయి. 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2025 జనవరిలో గడువు తీరింది, స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. 2025 డిసెంబరులో శివారులోని 27 పట్టణ స్థానిక సంస్థల్లో భాగంగా వీటినీ జి.హెచ్.ఎం.సి.లో కలిపారు. ఏడేళ్లలో ఒకే వాడ మనుషులు పంచాయతీని, మునిసిపాలిటీని, కార్పొరేషన్‌ను చూశారు. సరిహద్దు మారినప్పుడల్లా రిజర్వేషన్ లెక్క మొదటికొస్తుంది.

ఒక ఊహాలెక్క వేద్దాం. పది వార్డుల పంచాయతీలో ఎస్సీలు అయిదోవంతు ఉంటే రెండు వార్డులు వాళ్లవి. సర్పంచ్ పదవి కూడా ఏదో ఒకసారి రొటేషన్‌లో వాళ్లకొస్తుంది. ఆ ఊరు మహానగరంలో కలిస్తే దామాషా ఊరి జనాభాది కాదు, నగరం మొత్తానిది. 2020 జి.హెచ్.ఎం.సి. ఎన్నికల్లో 150 వార్డులకు ఎస్సీలకు దక్కినవి 10, ఎస్టీలకు 2. వాడ అంతే ఉంది, మనుషులూ అంతే ఉన్నారు. ఊరి సభలో రెండు కుర్చీలుగా ఉన్న వాటా నగరం లెక్కలో కనబడకుండా పోయింది. కలపడమే తప్పని మేము అనడం లేదు. పెద్ద సంస్థకు నీళ్లు, డ్రైనేజీ ఇచ్చే శక్తి ఎక్కువ ఉండవచ్చు. కాని విలీనం మీద జరిగిన చర్చలో ఈ నష్టాన్ని ఎవరూ ఖాతాలో రాయలేదు.

ఇక గడువు సంగతి. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో సహా 12 మునిసిపాలిటీలను కలిపి జి.హెచ్.ఎం.సి. చేశారు. ఎన్నికలు 2009 నవంబరులో గాని జరగలేదు. ఆ పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో. తెలంగాణ గ్రామ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదటికి తీరిపోతే ఎన్నికలు 2025 డిసెంబరులో. గడువులోపు ఎన్నికలు జరపడం రాజ్యాంగ విధి అని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా ఇదీ వరస. స్పెషల్ ఆఫీసర్ పాలనలో రిజర్వుడు వార్డు లేదు, జనరల్ వార్డు లేదు, ఒక్క సంతకమే ఉంది. కలెక్టర్ల దగ్గరకు, ఎమ్మెల్యేల ఇళ్లకు దారి ఉన్న కులాలకు ఆ కాలంలో పెద్దగా పోయేదేమీ లేదు. వార్డు సభ్యుడే దారి అయిన వాళ్లకు ఉన్న దారి మూసుకుపోతుంది.

పంచాయతీ మాత్రం స్వర్గమా?

ఈ ప్రశ్న మన వాళ్లే అడుగుతారు, అడగాలి కూడా. రిజర్వుడు సర్పంచ్‌ను నేల మీద కూర్చోబెట్టిన ఊళ్లు, సర్పంచ్ పేరు మీద పెత్తందారు సంతకం నడిపించిన ఊళ్లు మనకు కొత్త కాదు. కనుక పోయిన పంచాయతీని తలుచుకొని కన్నీళ్లు పెట్టనక్కర లేదు. కాని ఒక తేడా ఉంది. పంచాయతీలో మనిషిని అవమానిస్తే, చెక్కు మీద సంతకం లాక్కుంటే, అది చట్టం మీరడం. కేసు పెట్టవచ్చు, ఊరేగింపు తీయవచ్చు, వచ్చే ఎన్నికల్లో తేల్చుకోవచ్చు. ఐలాలో, అథారిటీలో మన మనిషి లేకపోవడం చట్టం మీరడం కాదు, చట్టమే అలా ఉంది.

ఇదే సంగతి ఉద్యోగాల్లోనూ కనిపిస్తుంది. టి.జి.ఐ.ఐ.సి., హెచ్.ఎం.డి.ఏ. 12వ అధికరణం ప్రకారం 'రాజ్యం' కిందికి వస్తాయి. వాటి రెగ్యులర్ ఉద్యోగాలకు 16(4) కింద రిజర్వేషన్ వర్తిస్తుంది. ఊడ్చే పని, కాపలా పని ఏజెన్సీకి ఇస్తే రోస్టర్ గేటు దగ్గరే ఆగిపోతుంది. ప్రైవేటు కాలేజీల్లో ప్రవేశాల కోసం 2005లో 93వ సవరణ తెచ్చారు. ప్రైవేటు ఉద్యోగాల్లో మనకు అలాంటి సవరణ లేదు. ప్రభుత్వ భూమి మీద లేచిన ఐ.టి. కంపెనీలకు కూడా ఆ బాధ్యత లేకుండా పోయింది.

అడగవలసినవి

స్థానిక ప్రభుత్వం రాష్ట్ర జాబితాలో ఉండడమే ఈ సందులకు కారణం. మందు కూడా అక్కడే ఉంది. చాలా వాటికి రాజ్యాంగ సవరణ అక్కర లేదు, శాసనసభ తలుచుకుంటే చాలు. నామినేటెడ్ పదవుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ఇవ్వాలని 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. బోర్డుల్లో వాటా అసాధ్యం అనేవాళ్లకు ఇది చూపాలి.

కనుక మొదటిది, టి.జి.ఐ.ఐ.సి., హెచ్.ఎం.డి.ఏ. బోర్డుల్లో మన వాటాను చట్టంలో రాయాలి. రెండు, ఐలా బడ్జెట్‌ను ఎన్నికైన కార్పొరేషన్ సభ ముందు పెట్టాలి, అక్కడి వార్డు సభ్యులకు ఓటు ఉండాలి. మూడు, మూడు లక్షల జనాభా దాటిన చోట 243ఎస్ చెప్పిన వార్డు కమిటీలను కాగితం మీద గాక బస్తీలో కూర్చోబెట్టాలి. నాలుగు, ఊళ్లను కలిపేముందు ఎన్ని రిజర్వుడు పదవులు పోతున్నాయో ప్రభుత్వం బహిరంగంగా చెప్పాలి. అయిదు, ఎన్నికలు గడువులోపే జరగాలి.

ఇవన్నీ వచ్చేదాకా ఊరికే ఉండనక్కర లేదు. ఐలా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. ఏ లేఅవుట్‌లో ఎంత పన్ను వసూలైంది, 35 శాతం ఎప్పుడు జమ అయింది, పక్క బస్తీకి అందులో ఎంత ఖర్చు పెట్టారు అని ఒక దరఖాస్తు వేయవచ్చు. మన విద్యార్థులు, టీచర్లు పూనుకుంటే ఒక్కో వార్డుకు ఈ లెక్క తీయవచ్చు. కార్పొరేషన్ పేరు, సరిహద్దు ఇంకెన్నిసార్లు మారినా ఆ లెక్క పనికొస్తుంది. వచ్చే ఎన్నికల్లో రిజర్వుడు వార్డుకు నిలబడే మన అభ్యర్థి చేతిలో ముందు ఆ కాగితం ఉండాలి.