జీడీలో మీకు దొరికేది 70 సెకన్లే: తుగ్గలి బంగారంతో కరెంట్ అఫైర్స్ నేర్చుకుందాం

ఈ ఎపిసోడ్ మీరు అడిగి చేయించుకున్నదే. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, తుగ్గలి వైపు నుంచి మెసేజ్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు దాదాపు ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, కరెంట్ అఫైర్స్‌కి మంచి పీడీఎఫ్ ఉంటే పంపు" అని. పీడీఎఫ్ పంపను. ఎందుకు పంపనో చెప్తా, దాని బదులు ఏం చేయాలో మన తుగ్గలి మండలం విషయం ఒకటి తీసుకుని చేసి చూపిస్తా.

ముందు ఒక క్లారిటీ. మన దగ్గర కరెంట్ అఫైర్స్ అంటే గ్రూప్స్, కానిస్టేబుల్, సచివాలయం పరీక్షల అలవాటు. ఏ సదస్సు ఎక్కడ జరిగింది, ఏ అవార్డు ఎవరికి వచ్చింది, అన్నీ బిట్లు. ఆ పరీక్షలకు అది కరెక్టే. ఎంబీఏ అడ్మిషన్‌కి, అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ లాంటి చోట పీజీ ఇంటర్వ్యూకి వెళ్తే బిట్లు పనికి రావు. అక్కడ అడిగేది "ఏం జరిగింది" కాదు, "ఎందుకు జరిగింది, నువ్వేమంటావ్" అని. ఐసెట్‌తో చేరేవాళ్లకు అడ్మిషన్ అప్పుడు జీడీ ఉండదు, ర్యాంకు, కౌన్సెలింగ్, అంతే. కానీ రెండేళ్ల తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో అదే జీడీ ఎదురు రావచ్చు. చాలా ఐఐఎంలు జీడీ తీసేసి వాట్ అని రాత పరీక్ష పెట్టాయి. అర గంట లోపే ఒక టాపిక్ మీద రాయాలి. నోటితో చెప్పినా పెన్నుతో రాసినా కావలసిన సరుకు ఒకటే.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక జీడీలో పది మంది, పన్నెండు నిమిషాలు అనుకోండి. అంటే 720 సెకన్లు. పది మందికి పంచితే మీ వాటా 72 సెకన్లు. ఒకడు ఎక్కువ మాట్లాడతాడు కాబట్టి ఇంకా తగ్గుతది. ఆ 70 సెకన్లలో గట్టిగా మూడు పాయింట్లు చెప్పగలరు. మూడు పాయింట్ల కోసం మూడు వందల పేజీలు ఎందుకప్పా? కావలసింది పది పన్నెండు విషయాలు, ఒక్కోటి అడుగు దాకా తెలిసి ఉండటం. ఒక్క విషయం అడుగు దాకా తవ్వితే పక్కన ఉన్న నాలుగు టాపిక్‌లు దాంతోనే బయటికొస్తాయి.

తవ్వడం అన్నాం కదా, బంగారం దగ్గరికే పోదాం.

తుగ్గలి మండలంలో జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి. ఇక్కడి బంగారు గని వార్త మీలో అందరూ చూసే ఉంటారు. జియోమైసూర్ అనే కంపెనీది ప్రాజెక్టు. అందులో వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయిన కంపెనీ. స్వాతంత్ర్యం తర్వాత దేశంలో ప్రైవేటు రంగంలో వస్తున్న మొదటి పెద్ద బంగారు గని అని పేపర్లు రాశాయి. పూర్తి స్థాయికి వచ్చాక ఏడాదికి సుమారు 750 కిలోలు తీస్తామని కంపెనీ చెప్పింది. వాట్సాప్ స్టేటస్ ఇక్కడితో ఆగిపోతది, "మా ఊరు ఇంక దుబాయే" అని. మన పని ఇక్కడ మొదలవుతది.

మొదటి ప్రశ్న: 750 కిలోలు ఎక్కువా, తక్కువా? పక్కన ఇంకో అంకె పెట్టకపోతే ఏ అంకెకూ అర్థం లేదు. మన దేశం ఏటా దిగుమతి చేసుకునే బంగారం మామూలుగా 700, 800 టన్నుల మధ్య ఉంటది. 750 కిలోలంటే ముప్పావు టన్ను. అంటే దిగుమతిలో దాదాపు వెయ్యో వంతు. జీడీలో ఒకాయన "ఈ గనితో భారత్ స్వయం సమృద్ధి సాధిస్తుంది" అంటే, మీరు ఈ ఒక్క లెక్క నిదానంగా చెప్పండి. గొంతు పెంచే పని లేదు. ఇదే లెక్క నుంచి ఇంకో టాపిక్‌లోకి వెళ్లొచ్చు. 2024 జూలై బడ్జెట్‌లో బంగారం మీద దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ఎందుకు? సుంకం ఎక్కువైతే స్మగ్లింగ్ పెరుగుతది, తగ్గిస్తే దిగుమతి పెరిగి డాలర్లు బయటికి పోతాయి. ఈ లాగుడు అర్థమైతే వాణిజ్య లోటు, రూపాయి విలువ, రెండు టాపిక్‌లకూ మీ దగ్గర ఒక ఉదాహరణ ఉన్నట్టే.

రెండో ప్రశ్న: ఊరికేం వస్తది? ఇంటర్వ్యూలో పానెల్ మేడమ్ తప్పకుండా తిప్పి అడిగే ప్రశ్న ఇదే. ఉద్యోగాలు అని ఒక్క ముక్కలో చెప్పి ఆగకండి. గని తవ్వేవాళ్లు ప్రభుత్వానికి రాయల్టీ కట్టాలి. బంగారానికి అయితే ఖనిజంలో ఉన్న బంగారం విలువ మీద 4 శాతం. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి అని పెట్టారు. గని వల్ల ప్రభావితమైన ఊళ్ల కోసం, రాయల్టీ కాకుండా దాని మీద అదనంగా కంపెనీ కట్టే డబ్బు అది. 2015 జనవరి 12కి ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినదైతే 10 శాతం. తాగునీళ్లు, ఆరోగ్యం, చదువు, వీటికి ముందు ఖర్చు పెట్టాలి. ఈ నిధి పేరు తెలిసిన వాళ్లు గని ఉన్న మండలాల్లోనే తక్కువ, నాకు బాధ అనిపించేది అదే. మన మండలం పిల్లలు ఈ ప్రశ్న అడగడం నేర్చుకుంటే ఇంటర్వ్యూకే కాదు, గ్రామసభకూ పనికొస్తది.

ఇంకో లింకు. 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 8-1 మెజారిటీతో ఒక తీర్పు ఇచ్చింది. రాయల్టీ అనేది పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది అని. జస్టిస్ నాగరత్న ఒక్కరే ఒప్పుకోలేదు. కేంద్ర-రాష్ట్ర సంబంధాలు అనే టాపిక్ వస్తే అందరూ నిధుల గొడవ దగ్గరే తిరుగుతుంటారు. మీరు ఈ తీర్పు చెప్పి, ఆ జడ్జి ఎందుకు ఒప్పుకోలేదో కూడా చెప్పండి. రాష్ట్రాలు పోటీ పడి పన్నులేస్తే ఖనిజాల ధరలు, అభివృద్ధి దెబ్బతింటాయని ఆమె భయం. రెండు వైపులా తెలుసు అని పానెల్‌కి అర్థమయ్యేది అక్కడే.

ఒక జాగ్రత్త. గనులు అనగానే చాలామంది 1997 సమత తీర్పు చెప్పేస్తారు. అది గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల భూముల గురించి. తుగ్గలి షెడ్యూల్డ్ ఏరియా కాదు. పెద్ద పేరు వాడేశాం అనుకుంటారు, విషయం తెలిసిన పానెల్ అయితే అక్కడే దొరికిపోతారు.

మూడో ప్రశ్న: తర్వాత ఏమవుతది? దీనికి మనకు దగ్గర్లో రెండు ఊళ్లు ఉన్నాయి. రాయచూరు జిల్లా హట్టి గని, కర్ణాటక ప్రభుత్వ కంపెనీ, ఇంకా నడుస్తోంది. కోలార్ గనిని 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. సినిమా చూసినవాళ్లకు కేజీఎఫ్ అంటే రాకీ భాయ్ గుర్తొస్తాడు. అసలు కేజీఎఫ్‌లో మిగిలింది సైనైడ్ దిబ్బలు, ఆ గాలికి లేచే దుమ్ము, పని కోసం పొద్దున్నే బెంగళూరు రైలెక్కే జనం. జొన్నగిరికి అదే గతి అని నేను అనట్లేదు. గని మూసే ప్లాన్ ఏంటి, బ్లాస్టింగ్, దుమ్ము, నీళ్ల సంగతి ఏంటి అని ఇప్పుడే అడగాలంటున్నా. పెద్ద గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు రిపోర్టు తయారు చేస్తారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టుకు ఆ రిపోర్టు సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. అంటే తెలుగులో. మన ఇంగ్లిష్ భయానికి ఇంతకంటే మంచి మందు ఉందా? ముందు తెలుగులో అర్థం చేసుకోండి, తర్వాత అదే పేరాని ఇంగ్లిష్‌లో చదవండి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పబ్లిక్ హియరింగ్, లీజు, క్లోజర్ ప్లాన్ లాంటి మాటలు వాటంతటవే నోటికొస్తాయి.

ఇప్పుడు వజ్రాలు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో జనం వంగి వెతుకుతుంటారు, పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. "రైతుకు రెండు కోట్ల వజ్రం" అని ప్రతి జూన్‌లో ఒక ఫార్వర్డ్ వస్తది. ఇంటర్వ్యూలో మీ ఊరు పేరు చూసి దీని గురించి అడిగే ఛాన్స్ బాగా ఉంది. అప్పుడు ఆ రెండు కోట్లు అనే అంకె అనకండి. అమ్మకాలు వ్యాపారులతో బయట గుట్టుగా జరిగిపోతాయి, ధర ఎవరూ అధికారికంగా చెప్పరు. "వజ్రాలు దొరికినట్టు ఏటా వార్తలు వస్తాయి సర్, ధరలు మాత్రం నిర్ధారణ కావు. ఎంతమందికి దొరికింది అనేది వార్త, ఎంతమంది కూలి పోగొట్టుకుని ఉత్త చేతులతో పోయారు అనేది ఎవరూ రాయరు" అని చెప్పి చూడండి. పానెల్ తల ఎత్తి మీ వైపు చూస్తది.

మన ఊరి గురించి ఇంకొకటి దగ్గర పెట్టుకోండి. గుత్తి-పత్తికొండ రోడ్డు వైపున్న ఎర్రగుడి అశోకుడి శాసనాలు. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్న అరుదైన చోటు అది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు, ఎద్దులు మడక దున్నినట్టు. "మాది వెనకబడిన ప్రాంతం సర్" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవాళ్లు ఇది చెప్పి ఆ తర్వాత కరువు, వలస గురించి చెప్పొచ్చు. వలస కూడా దాచాల్సిన విషయం కాదు. కోసిగి, ఆదోని వైపు నుంచి మిర్చి కోతలకు గుంటూరు పోయే కుటుంబాలు, వాళ్లతో పోయి బడి మానేసే పిల్లలు. విద్య మీద జీడీ వస్తే ఈ విషయం మీకు తెలిసినంత బాగా ఆ రూమ్‌లో ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

బంగారం ఒక్కటే అనుకోకండి. పత్తికొండ టమోటా తీసుకోండి. ఒక నెల రోడ్డు మీద పారబోస్తారు, ఇంకో నెల సిటీలో కిలో రెండు వందలు. 2023 జూలైలో ధరలు అలా ఎగిరినప్పుడు దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి పోయింది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ రెండు. వడ్డీ రేటు పెంచితే టమోటా కాస్తదా? కాయదు. మరి ఆర్‌బీఐ ఏం చేయాలి? ఇది మీరే తవ్వండి.

చేసే పద్ధతి సింపుల్. నేను కోడింగ్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి సమస్యకు ఒక టికెట్ ఉండేది. ఎప్పుడు ఓపెన్ అయింది, ఏ రోజు ఏం మారింది, ఇంకా ఏం తేలలేదు, అన్నీ దాంట్లోనే. వార్తలకు కూడా అంతే. ఫోన్ నోట్స్‌లో విషయానికి ఒక పేజీ. కొత్త సంగతి వస్తే తేదీ వేసి ఒక లైను. కింద "తేలనివి" అని నాలుగు ప్రశ్నలు. రోజుకు అర గంట చాలు: ఒక తెలుగు పేపర్ జిల్లా పేజీ, ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్, రాత్రి 9కి ఆకాశవాణి ఇంగ్లిష్ బులెటిన్. పదిహేను నిమిషాల బులెటిన్, అరుపులు ఉండవు, డేటా కూడా పెద్దగా తినదు. టీవీ డిబేట్లు చూసి జీడీ నేర్చుకుందాం అనుకునేవాళ్లు దయచేసి మానేయండి, అక్కడ నేర్చుకునేది పక్కవాడి మాట కోయడమే.

వారానికి ఒకసారి వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, టైమర్ 70 సెకన్లు పెట్టి, ఒక టికెట్ మీద మాట్లాడండి. విని చూడండి. ప్రాక్టీస్‌కి ఊళ్లో మనుషులు లేరంటారా, నలుగురు ఫ్రెండ్స్‌తో గ్రూప్ కాల్ పెట్టండి. రూల్ ఒకటే: ముందు మాట్లాడినవాళ్ల పాయింటు ఒక ముక్కలో చెప్పాకే మీది మొదలుపెట్టాలి.

వచ్చే ఎపిసోడ్ లోపు మీరు ఓపెన్ చేయాల్సిన టికెట్ చెప్తా: హంద్రీ-నీవా. మొదటి లైను నేనే ఇస్తా. శ్రీశైలం వెనక నీళ్లు మల్యాల దగ్గర ఎత్తిపోసి తెస్తారు, కాలువ వెడల్పు చేశాక 2025 జూలైలో నీళ్లు వదిలారు. "తేలనివి" కింద మొదటి ప్రశ్న: కాలువ మన పత్తికొండ వైపు నుంచే పోతోంది కదా, మీ ఊళ్లో ఎన్ని ఎకరాలకు పిల్ల కాలువ వచ్చింది? గూగుల్‌లో దొరకదు. మీ నాయనను అడగండి, పక్క పొలం పెద్దాయనను అడగండి, రాసుకోండి. ఉంటా మరి.