అంగడివీథుల క్షీణదశ

తిరుపతిలో గోవిందరాజస్వామివారి కోవెల చుట్టునుగల వీథులలోను, చిత్తూరు బజారువీథిలోను చిన్ననాటినుండి తిరుగుచున్నవారికి ఇటీవల ఒక మార్పు కంటబడక మానదు. సూది మొదలు చేంతాడు వరకు, పలకాబలపము మొదలు పెండ్లి బాసికము వరకు ఒక్కచోటనే దొరకు అంగళ్లు ఒక్కటొక్కటిగా మూతపడుచున్నవి. కొన్నిటి స్థానమున సెల్‌ఫోను దుకాణములు వెలసినవి. కొన్నిటిని పడగొట్టి లాడ్జీలు కట్టినారు. మిగిలినవి తలుపు ఒకరెక్క తెరచుకొని పాతసరకు నమ్ముకొనుచున్నవి.

దీనికి మాల్‌లును, ఆన్‌లైను వర్తకమును కారణమని పదుగురు ననుచున్నారు. అది అబద్ధము కాదు. కాని అందులో నిజము సగమే. మిగిలిన సగపాలు మన చేతిసంచిలో నున్నది.

ముందుగా ఈ అంగడి యెట్టిదో చెప్పుకొనవలెను. దీనికి తగిన పేరు లేదు. కొందరు ఫ్యాన్సీ స్టోరందురు, కొందరు చిల్లర అంగడి యందురు. గాజులు, దువ్వెనలు, మొలత్రాళ్లు, కుంకుమభరిణెలు, లాంతరు గాజుబుడ్లు, చాటలు, తాళపుకప్పలు, పసిపిల్లల గిలకలు, యాత్రికుడు కొనిపోవు స్వామివారి పటములు, రాగిచెంబులు, ఎర్రచందనపు బొమ్మలు ఇందులోనే. ఏ వస్తువు ఏ మూలనున్నదో అంగడివానికి దక్క మరియొకనికి తెలియదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మజాతర వచ్చినప్పుడు ఈ అంగళ్ల విలువ తెలియును. బైరాగి వేషమునకు తెల్లపూత, బండ వేషమునకు కుంకుమ, తోటి వేషమునకు బొగ్గు కావలెను. ఆడువేషము కట్టు మగవానికి చేతిగాజులు కొలతకు సరిపోవలెను. ఇవన్నియు ఏ మాల్ జాబితాలోను ఒక్కచోట నుండవు. వేషగాని తండ్రికి తాను పూర్వమెప్పుడో గాజులమ్మిన అంగడివాడు ఆ కుమారుని మణికట్టు చూచి కొలత చెప్పగలడు.

అయితే ఈ నేర్పు మాత్రమే అంగడిని నిలువబెట్టలేదు. దానిని నిలువబెట్టినది ఖాతాపుస్తకము. మన దక్షిణ రాయలసీమలో వాన నమ్మకము లేదు. రైతు చేతికి రొక్కము ఏటికి ఒకటి రెండుమారులే వచ్చును. వేరుసెనగ యొకప్పుడు, బెల్లము మరియొకప్పుడు, జూన్ జూలైలలో తోతాపురి మామిడి. కాయ తోలిన రైతుకు గుజ్జు కర్మాగారమువారు ఆ దినముననే రొక్కమిత్తురన్న పూచీ లేదు. ఈ నడిమి నెలలలో ఇల్లు గడపినదెవరు? బ్యాంకు సబ్బుబిళ్లకును, బిడ్డ పుట్టినరోజు గాజులకును అప్పియ్యదు. ఇచ్చినది అంగడివాడే. పత్రము లేదు, సాక్షి లేదు. ఊరిపేరు, తండ్రిపేరు, పద్దు, అంతే.

కాని అతడేమి కుబేరుడు కాడు. అతనికి సరకు చెన్నపట్నము షావుకారుపేటనుండి వచ్చును. అక్కడి టోకువర్తకుడు వారములు మాత్రమే ఆగును. ఇక్కడి రైతు నెలల తరబడి ఆగుమనును. ఈ రెంటి నడుమనున్న అగడ్తను పూడ్చినది రోజువారీ నగదు బేరము. లెక్క వేసి చూతము. నెలకు లక్ష రూపాయల బేరము చేయు ఒక అంగడి కలదనుకొందము. అందు అరువది వేలు నగదు, నలువది వేలు అరువు. అరువు నాలుగునెలలకు వసూలగునేని ఏ దినమున చూచినను లక్షా అరువదివేలు ఊరిలో చిక్కుకొని యుండును. నూటికి పది మిగులుననుకొన్నను నెలకు పదివేలు. ఇప్పుడు నగదు బేరము ఇరువది వేలకు పడిపోయినది. అరువు మాత్రము తగ్గలేదు. మిగులు ఆరువేలు. చిక్కుకొన్న రొక్కము అంతే, అద్దె అంతే, దీపము ఖర్చు అంతే. ఈ యంగడి ఎన్ని నెలలు నిలుచునో చదువరులే చెప్పవలెను.

నగదు ఏమైనది? నెల మొదట జీతము చేతబడగానే, మామిడి రొక్కము ముట్టగానే మనము కారెక్కి పెద్ద అంగడికి పోవుచున్నాము. నెల చివర సంచి ఖాళీయైనప్పుడు పిల్లవానిని వీథి అంగడికి పంపి, ‘నాన్న పేర వ్రాసికొమ్మన్నాడు’ అనిపించుచున్నాము. పొలముగల పెద్దలును ఇందుకు మినహాయింపు కారు. పెండ్లికి కావలసిన సామాను మాల్‌లో నగదుకు కొని, పెండ్లిలో తక్కువబడిన కొబ్బరిత్రాడు మాత్రము ఖాతాలో వ్రాయించిన ఘనులను మేమెరుగుదుము.

పాత అంగడి పుణ్యక్షేత్రమని మేము చెప్పబోము. తప్పుడు తూనికలు, మాటకొక ధర, అరువు తీసికొన్నవాడు నోరెత్తరాదన్న దర్పము, దళితులను గడప వెలుపల నిలిపి సరకు విసరిన రోజులు, ఇవన్నియు కలవు. పెద్ద అంగడిలో ఎవరైనను లోనికిపోయి వస్తువును చేతబట్టి చూడవచ్చును. అది గొప్ప సంగతియే. 1990 నుండి పొట్లముమీద గరిష్ఠధర అచ్చువేయుట విధియైనది. దానివలన కొనువానికి మేలే కలిగినది. కాని అదే అంకెను చూపి పెద్ద అంగడి ధర తగ్గించి అమ్మగలదు. లారీలకొలది కొనువానికి కంపెనీ యిచ్చు తగ్గింపు డజనుకొలది కొనువానికి రాదు.

పెద్దదైనంతమాత్రమున బ్రదుకునని గాదు. సకలవస్తువుల నొకేచోట చవుకగా అమ్ము పద్ధతిని అమెరికాలో 1879 నుండి నడపిన ఉల్‌వర్త్ సంగతి చూడుడు. ఆ పేరిట ఇంగ్లండులో మొదటి అంగడి 1909లో లివర్‌పూలున తెరచిరి. అమెరికాలో ఆ చిల్లర అంగళ్లు 1997లో మూతపడినవి. బ్రిటనులో ఎనిమిదివందలకు పైబడిన అంగళ్లు 2009 జనవరి మొదటివారమునకు పూర్తిగా మూసివేయబడినవి. మిఠాయిలను, బొమ్మలను, పాటల రికార్డులను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా పట్టుకొనిపోగా, అన్నియు అమ్మువానికి ఏదియు మిగులలేదు. మన వీథి అంగడికిని ఇదే దశ. నోటుబుక్కులను బడులే అమ్ముకొనుచున్నవి. గాజులకు ప్రత్యేక దుకాణములు వచ్చినవి. తక్కినది చేతిలోని ఫోను తెచ్చిపెట్టును.

తిరుపతికి మరియొక చిక్కు కలదు. ఇచ్చటి అంగడికి నగదు తెచ్చినవాడు యాత్రికుడు. రైతు అరువును మోసినది అతని రొక్కమే యనుట అతిశయోక్తి కాదు. 1944లో ఘాట్‌రోడ్డు పడువరకు మోటారు కొండయెక్కలేదు. యాత్రికుడు ఊరిలో దిగి, బసచేసి, వీథులు తిరిగి, నడచియో డోలీలోనో కొండకు పోయెడివాడు. దిగివచ్చి మరల వీథులు తిరిగెడివాడు. 1974లో రెండవ ఘాట్‌రోడ్డు వచ్చినది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాససేతువుమీద వాహనములు తిరుచానూరు దారినుండి కపిలతీర్థమువైపునకు ఊరి తలపైగా సాగిపోవుచున్నవి. రాకపోకలకు సేతువు అవసరమే. దానిని మేము తప్పుపట్టము. కాని వంతెనమీద పోవువాడు దువ్వెన కొనుటకు దిగడు. 2020 మార్చి 20 నుండి జూన్ 8 వరకు కొండమీద భక్తుల దర్శనము నిలిచిపోయినప్పుడు ఈ నగదు ఒక్కసారిగా ఎండిపోయినది. అప్పుడు మూసిన తలుపులలో కొన్ని మరల తెరచుకొననే లేదు.

ప్రభుత్వములు 2012లో బహువిధ వస్తువుల చిల్లర వ్యాపారమున విదేశీయులకు నూటికి 51 వంతులవరకు అనుమతి నిచ్చినవి. 2018లో వాల్‌మార్ట్ సంస్థ ఫ్లిప్‌కార్టులో అధికభాగమును కొనినది. ఈ ప్రవాహమును చిత్తూరు బజారువీథి యొక్కటి అడ్డుకొనజాలదు. అయినను చేయదగినది లేకపోలేదు. 1932లో హాలండు దేశమున చిన్న వర్తకులును టోకువర్తకులును కలసి స్పార్ అను సంఘముగా నేర్పడి, కూడి కొనుట మొదలుపెట్టిరి. ఎవరి అంగడి వారిదే, కొనుగోలు మాత్రము ఉమ్మడి. సహకారసంఘముల చట్టము మనదేశమునకు 1904లోనే వచ్చినది. షావుకారుపేటకు వేర్వేరుగా పోయివచ్చు ఇరువదిమంది వర్తకులు ఒక్క లారీకి సరకు వ్రాయించుకొనుటకు ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. నగరపాలకులు కోవెలవీథులలో యాత్రికులకు మరుగుదొడ్లు, నీడ, నడచుటకు చోటు కల్పింతురేని వాహనము దిగిన యాత్రికుడు ఒక గంటయైనను వీథిలో గడపును.

ఇక మన వంతు. ఈ యేటి మామిడి రొక్కము ముట్టిననాడు పాత పద్దు కొట్టివేయించుకొనుటతో నూరకుండక, ఆ నెల సామానైనను ఆ యంగడిలోనే నగదిచ్చి కొనవలెను. పద్దు తీర్చినంతమాత్రమున వచ్చునది అతని పాత రొక్కమే. పైలెక్కలో తగ్గిన నలువది వేలు మాత్రము రాదు.