బర్మా నిర్వాసన (1942): వలసప్రభుత్వ స్పందన – గోదావరి డెల్టా అనుభవం

వ్యాససంగ్రహం:
1942లో జపాను ఆక్రమణ కారణంగా బర్మాను వీడిన భారతీయుల్లో తెలుగు శ్రామికులు గణనీయంగా ఉన్నారు. పౌరులకు వాటిల్లిన ఈ విపత్తుపై వలసప్రభుత్వం స్పందించిన తీరును, బర్మా పతనం పశ్చిమగోదావరి డెల్టాపై చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

1. నేపథ్యం:
1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూను నగర జనాభాలో సగానికి మించినవారు వారే. రేవులో, ధాన్యపు మిల్లుల్లో పనిచేసిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరే అందుకు మూలం. ఈ వలస ప్రధానంగా గంజాం, విశాఖపట్నం, తూర్పుగోదావరి జిల్లాల నుంచి సాగింది. 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమగోదావరి జిల్లాకు బర్మాతో ఉన్న సంబంధం ముఖ్యంగా బియ్యపు విపణి ద్వారా ఏర్పడినది.

2. ప్రభుత్వ స్పందన:
1941 డిసెంబరు 23న రంగూనుపై తొలి బాంబుదాడి జరిగింది. భయంతో కాలినడకన నగరం వీడిన కూలీలను అధికారులు నచ్చజెప్పి వెనక్కు రప్పించారు. రేవులో యుద్ధసామగ్రి దించడానికి వారి శ్రమ అవసరమైంది. అంటే ప్రభుత్వదృష్టిలో వారు మొదట శ్రామికులు, ఆ తరువాతే రక్షణ పొందవలసిన పౌరులు. 1942 మార్చిలో రంగూను పతనమయ్యేసరికి ఓడ ప్రయాణపు అవకాశం మూసుకుపోయింది.

మిగిలినవారు అరకాన్ కనుమల మీదుగా, తమూ–ఇంఫాల్ మార్గాన, హుకాంగ్ లోయ గుండా నడిచారు. ఈ విధంగా తరలినవారు నాలుగైదు లక్షలని చరిత్రకారుల అంచనా. కలరా, మలేరియా, ఆకలి వల్ల మరణించినవారి సంఖ్యపై ఏకాభిప్రాయం లేదు. పది వేల నుంచి యాభై వేలకు పైబడి అంచనాలున్నాయి. మార్గమధ్యంలో ఐరోపీయులకు ఒక దారి, భారతీయులకు మరొక దారి కేటాయించారన్న ఆరోపణ దేశంలో ఆగ్రహం రేపింది. వైస్రాయి కార్యనిర్వాహకమండలిలో ప్రవాసభారతీయుల వ్యవహారాలు చూసిన ఎం.ఎస్. ఆణే, హృదయనాథ్ కుంజ్రూతో కలిసి సరిహద్దు ప్రాంతాన్ని పర్యటించి ఈ వివక్షను ప్రశ్నించారు. శిబిరాల నిర్వహణలో అస్సాం తేయాకు తోటల యాజమాన్యాల తోడ్పాటు అవసరమైందంటే, ప్రభుత్వానికి ముందస్తు ఏర్పాట్లు ఎంత కొరవడ్డాయో తెలుస్తుంది.

3. డెల్టాపై ప్రభావం:
1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు దాడి చేయడంతో యుద్ధం తెలుగుతీరాన్ని తాకింది. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలంలో నిర్మించిన రన్‌వే ఆనాటి సైనిక సన్నాహానికి నేటికీ మిగిలిన గుర్తు.

అంతకన్నా లోతైన ప్రభావం ఆహారరంగంలో కనిపిస్తుంది. బర్మా బియ్యం ఆగిపోవడంతో మలబారు వంటి లోటు జిల్లాల భారం కృష్ణా, గోదావరి డెల్టాలపై పడింది. ప్రభుత్వం ధరల నియంత్రణ, ధాన్యసేకరణ చేపట్టింది. మద్రాసు నగరంలో 1943లో రేషనింగ్ అమలైంది. 1942లోనే ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం మొదలైంది. అయితే డెల్టాలో సాగు విస్తరణకు సహజమైన హద్దులున్నాయి. బుడమేరు, తమ్మిలేరు నీటిని, కాలువల మిగులునీటిని స్వీకరించే కొల్లేరు, ఉప్పుటేరు ద్వారా మాత్రమే సముద్రంలోకి ఖాళీ అవుతుంది. వరదకాలంలో ఆ లోతట్టు పొలాలు మునగడం పరిపాటి. ఇటువంటి నేలలో ప్రభుత్వ ఉత్తర్వుతోనే దిగుబడి పెరగదు.

4. ముగింపు:
ప్రభుత్వం యుద్ధ అవసరాన్ని బట్టి స్పందించిందని పై పరిశీలన సూచిస్తుంది. శ్రమ అవసరమైనప్పుడు కూలీలను నిలిపింది, ధాన్యం అవసరమైనప్పుడు డెల్టా రైతును ఆశ్రయించింది. అడవిదారుల్లో మరణించినవారికి మాత్రం కచ్చితమైన లెక్క లేదు. నిర్వాసనను వలసచరిత్రగా, ధాన్యసేకరణను ఆర్థికచరిత్రగా విడివిడిగా చదివితే ఈ సంబంధం మరుగునపడుతుంది. జిల్లా దస్త్రాలను, అప్పటి తెలుగు పత్రికలను, కుటుంబాల మౌఖిక కథనాలను కలిపి పరిశీలించినప్పుడే ఆ పౌరనష్టం ప్రాంతీయచరిత్రలో తగిన స్థానం పొందుతుంది.