కాగితపు నగిషీకి తడిలేని జిగురు



పెండ్లి శుభలేఖలకును, పూజామంటపములకును రంగుకాగితముతో లతలు, హంసలు కత్తిరించి యంటించుట మీరందఱు ఎఱిగిన పనియే. కత్తిరించుటలో చేయి తిరిగినవారును అంటించుటలో చిక్కుపడుదురు. వెండ్రుకవలె సన్నని తీగకు జిగురు పూయబోయినచో తీగ చినుగును. లేదా జిగురు ప్రక్కకు పొంగి మరక యగును. ఈ చిక్కును తప్పించు సాధన మొకదానిని గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

కాగితమనగా మొక్కల నారపోగుల యల్లిక. తడి తగిలినంతనే ఆ పోగులు నిడివికంటె అడ్డముగా నెక్కువ యుబ్బును. ఆరిన పిమ్మట ముడుచుకొనును. పిండిజిగురు పూసిన పలుచని కాగితము ముడుతలు పడుటకు కారణ మిదియే.

తడి లేక, ఒత్తిడి మాత్రముననే యంటుకొను జిగురుపట్టీని అమెరికాలో రిచర్డ్ డ్రూ అను నతడు 1925లో తయారుచేసెను. నేను చెప్పు జిగురుపొర ఆ జాతిదే. రెండు నున్నని కాగితముల నడుమ జిగురు పలుచగా పఱచబడియుండును. ఆ కాగితములకు సిలికోన్ పూత యుండుటచే జిగురు వానిని గట్టిగా పట్టుకొనదు.

ఇందలి కీలకము పని జరుగు క్రమములో నున్నది. కోతకు ముందే జిగురు పట్టింపవలయును. మొదట ఒకవైపు నున్నని కాగితమును ఒలిచి, రంగుకాగితపు వీపున జిగురుపొరను బుడగలు లేకుండ రుద్ది యంటింపుడు. రెండవవైపు కాగితము నట్లే యుంచి, పదునైన ఉక్కు అచ్చుపై పెట్టి మరలో నొత్తుడు. లత యెంత సన్నమో దాని జిగురును అంతే సన్నముగా తెగును. పిమ్మట లతను లాగక, వెనుకనున్న కాగితమునే మెల్లగా వంచి యొలువవలయును. పట్టకారుతో నొకకొన నానించి, తక్కినది క్రమముగా దింపవలయును. గట్టిగా నొత్తిన పిమ్మట మరల తీయుట కష్టము.

కడపట నొక హెచ్చరిక. పని సులువైనదని పాత దస్తావేజులకును, పూర్వుల చిత్తరువులకును ఈ పొరగాని, జిగురుపట్టీగాని యంటింపవలదు. అట్టి జిగురులలో పెక్కు కాలక్రమమున పసుపువన్నెకు తిరిగి కాగితములోనికి ఇంకును. ఆ మరక పోవుట దుర్లభము. ప్రాచీన పత్రములను కాపాడు నిపుణులు నేటికిని గోధుమగంజి జిగురును, పలుచని జపాను కాగితమును వాడుదురు. ఆ జిగురు అవసరమైనపుడు తడితో వదలును. కావున మనుమలు శుభలేఖలకు క్రొత్త జిగురును వాడుకొందురుగాక. పెట్టెలోని దస్తావేజుల జోలికి మాత్రము దానిని రానీయకుడని మనవిచేసి, సెలవు తీసికొనుచున్నాను.