చలికాలపు చోడి పంట

ఉత్తరాదిన చలికాలంలో గోధుమ వేస్తారు. గోధుమకు ఎక్కువ రోజులు చలి కావాలి. నక్కపల్లి సముద్రానికి దగ్గర. ఇక్కడ అంత చలి ఉండదు. కానీ నీటి వసతి ఉంటే చలికాలంలో చోడి బాగా పండుతుంది. చోళ్లనే రాగులు అని కూడా అంటారు.

చోడి అంబలి బలమైన తిండి. ఎముకలకు కాల్షియం కావాలి. 100 గ్రాముల చోళ్లలో అది సుమారు 340 మిల్లీగ్రాములు ఉంటుంది. 100 గ్రాముల బియ్యంలో 10 మిల్లీగ్రాములే.

ఏ రకం వేయాలి?

విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం భారతి, శ్రీచైతన్య అనే మేలైన రకాలను ఇచ్చింది. నాటు రకాల కన్నా ఇవి ఎక్కువ పండుతాయి. సుమారు 4 నెలల్లో కోతకు వస్తాయి.

సంచి చీటీ చదవండి

రకం మంచిదైనా విత్తనం కల్తీదైతే ఏం లాభం? నాలుగు నెలల చాకిరీ మట్టిపాలే. ధ్రువీకరించిన విత్తనాల సంచికి నీలం చీటీ ఉంటుంది. రకం పేరు, గడువు తేదీ అందులో చూడండి. ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమని అడగండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. బిల్లు తీసుకోండి. చీటీ, బిల్లు పంట ఇంటికి వచ్చేదాకా దాచండి.

ఇంట్లో కూడా పరీక్ష చేయొచ్చు. 100 గింజలు తడిగుడ్డలో చుట్టండి. గుడ్డ ఆరనివ్వకండి. వారం తర్వాత లెక్కపెట్టండి. కనీసం 75 మొలవాలి.

ఎలా పండించాలి?

నవంబరు, డిసెంబరు నెలల్లో నారు పోయాలి. ఎకరాకు 2 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి చాలు. నెలలోపే ఊడ్చాలి. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి.

దుక్కిలో పశువుల గెత్తం వేయండి. ఎకరాకు 50 కిలోల యూరియా సరిపోతుంది. సగం ఊడ్పులప్పుడు, సగం నెల తర్వాత వేయండి. ఎక్కువ వేస్తే చేను పచ్చగా కనబడుతుంది. కానీ అగ్గితెగులు పెరుగుతుంది.

పిలకలు వేసేటప్పుడు, పూతకు వచ్చినప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు నీరు తప్పక పెట్టాలి.

కోత, విత్తనం

కంకులన్నీ ఒకేసారి పండవు. పండినవి ముందు కోయాలి. మిగిలినవి తర్వాత కోయాలి.

ఇవి సంకర రకాలు కావు. అందుకని మన పంటలోంచే మళ్లీ విత్తనం తీసుకోవచ్చు. తెగులు లేని మంచి కంకులు ఏరండి. గింజలు బాగా ఎండబెట్టి సంచిలో పోయండి. రకం పేరు, కోసిన ఏడాది ఒక చీటీ మీద మీ చేత్తో రాసి సంచికి కట్టండి.